నడివీధి మీద వల

విశాఖ వన్‌టౌన్‌లో, ఫిషింగ్ హార్బరుకి నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న ఒక చిన్న కూడలి మీద మేం గాల్లో వేలాడే శిల్పంగా ఒక వల కట్టాం. చేపల వలలు కట్టే చేతులే దాన్నీ కట్టాయి. దారం కూడా హార్బరు దుకాణాల్లో కొన్నదే. ముప్ఫై మీటర్ల పొడవు, ఇరవై మీటర్ల వెడల్పు, మధ్యలో గంటలా కిందికి దిగిన రెండు పెద్ద సంచులు. మార్గశిరం వెళ్ళాక సంక్రాంతికి ముందు ఎక్కించి, మార్చి నెలాఖరుకి దింపేశాం. తమ ఊళ్ళో ఇలాంటిది చేయాలంటే ఏం కావాలని చాలామంది అడుగుతున్నారు. అందుకే ఇది రాస్తున్నాను. నేను స్ట్రక్చరల్ ఇంజనీర్ని. బొమ్మ గీసింది నా స్నేహితురాలు, ఆర్కిటెక్టు. కాబట్టి నా వైపు నుంచి చెప్పేదాంట్లో బరువులు, గోడలు, కాగితాలే ఎక్కువ ఉంటాయి. ఈ కళకి పీఠం ఉండదు. నలుగురి గోడలు పట్టుకుంటేనే అది నిలబడుతుంది. ఆ నలుగుర్నీ ఒప్పించడం కూడా శిల్పం చెక్కడంలో భాగమేనని నేను ఈ పని చేశాకే నమ్మాను.

2015లో నేను బోస్టన్‌లో ఉద్యోగం చేసేదాన్ని. ఆ మే నెలలో ఊరి మధ్య రోజ్ కెనడీ గ్రీన్‌వే పార్కు మీద జానెట్ ఎకెల్‌మన్ అనే శిల్పి వల కట్టారు. అక్టోబరు దాకా ఉంది. చుట్టూ ఉన్న ఎత్తైన భవనాలకి తాళ్ళు కట్టి, 600 అడుగుల మేర పరిచారు. ఎత్తు బాగా ఉన్నచోట 365 అడుగులు. నూరు మైళ్ళకి పైగా దారం, ఐదు లక్షలకి పైగా ముడులు, ఇంతా చేసి బరువు ఒక టన్ను దరిదాపుల్లోనే. ఆ పార్కు ఉన్నచోట ఒకప్పుడు ఊరిని రెండుగా కోసేస్తూ ఆరు వరసల ఎత్తు రోడ్డు ఉండేది. దాన్ని నేల కిందికి దించేసి పైన పచ్చిక పరిచారు. ఆ వలలోని రంగుల చారలు ఆ రోడ్డు వరసలకి గుర్తు. వలలో మూడు పెద్ద ఖాళీలు కూడా ఉండేవి. బోస్టన్‌లో ఒకప్పుడు ఉన్న మూడు గుట్టల్ని తవ్వి సముద్రాన్ని పూడ్చారు కదా, ఆ పోయిన గుట్టలకి గుర్తు అవి.

మధ్యాహ్నం భోజనం డబ్బా పట్టుకుని ఆ గడ్డి మీద కూర్చునేదాన్ని. చుట్టూ ఉన్న అద్దాల భవనాలేవీ కదలవు. వాటిని పట్టుకుని వేలాడే ఆ వల మాత్రం ప్రతి గాలికీ ఆకారం మార్చుకునేది. వృత్తిపరంగా నన్ను కదిలించింది అదే. మేం రోజంతా లెక్కలు కట్టేది ఏదీ కదలకుండా ఉండడానికి. ఇక్కడ ఒకావిడ కదలడం కోసమే లెక్క కట్టించింది.

ఆవిడ గురించి చదివితే తెలిసింది, ఈ వలల మొదలు మన తూర్పు తీరంలోనే ఉందని. 1997లో ఆవిడ ఫుల్‌బ్రైట్ అనే అమెరికా ఉపకారవేతనం మీద మన దేశానికి వచ్చారు. బొమ్మలు గీసి ప్రదర్శన పెట్టాలని అనుకున్నారు. రంగులు ఓడలో రావాలి, రాలేదు. మహాబలిపురం శిల్పుల ఊరు కాబట్టి కంచు పోత పోయించి చూశారు. అది బరువు, ఖరీదు. సాయంత్రం తీరంలో జాలర్లు వలలు కుప్పలు పోస్తుంటే చూసి, బరువు లేకుండా ఇంత పెద్ద ఆకారం చేయొచ్చు కదా అనుకున్నారట. మొదటి పనులు ఆ జాలర్లతో కలిసే చేశారు. తరవాత 2005లో పోర్చుగల్‌లోని పోర్టో పక్కన సముద్రం ఒడ్డున ఉక్కు స్తంభాలు, ఉక్కు చక్రం పెట్టి శాశ్వతంగా ఒక వల నిలబెట్టారు. 2010లో డెన్వర్‌లో ఉక్కు చక్రం కూడా వదిలేసి, ఆ పని తాళ్ళతోనే చేయించారు. బరువుకి బరువు లెక్కేస్తే ఉక్కుకన్నా పదిహేను రెట్లు బలమైన పాలిఎథిలీన్ తాడు దొరకడంతో అది కుదిరింది. అప్పటినుంచే ఇలాంటి వలలు ఉన్న భవనాలనే ఆసరా చేసుకుని ఊరి నడిబొడ్డుకి రాగలిగాయి.

విశాఖ తిరిగి వచ్చేశాక హార్బరులో వలలు చూసినప్పుడల్లా నాకు ఈ మాటే గుర్తొచ్చేది. మన తీరం చూసి పుట్టిన పని బోస్టన్ దాకా వెళ్ళింది, మన వీధుల్లోకి మాత్రం రాలేదు. మన కూడళ్ళలో విగ్రహాలు పెడతాం, సిమెంటు చేపలూ డాల్ఫిన్లూ పెడతాం. వాటి మీద నాకు కోపం లేదు. కానీ ఊళ్ళో ఇన్ని వందల కుటుంబాలకి ఇంత గొప్ప పనితనం ఉండగా అది ఎప్పుడూ హార్బరు గోడ దాటి బయటికి రాకపోవడం నాకు బాధగానే ఉండేది.

ముందు గాలి సంగతి చెప్పాలి. మన దేశంలో గాలి భారానికి ఐఎస్ 875 మూడో భాగం ప్రమాణం. అందులో విశాఖకి మూల వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. హైదరాబాదుకి 44. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిన రోజు ఊళ్ళో ఉన్నవాళ్ళకి ఈ అంకె వివరించక్కర్లేదు. గాలి ఒత్తిడి వేగంతో కాదు, వేగం వర్గంతో పెరుగుతుంది. గంటకి 72 కిలోమీటర్ల గాలి చదరపు మీటరు మీద 24 కిలోల దాకా తోస్తే, 180 కిలోమీటర్ల గాలి 150 కిలోలు తోస్తుంది. మా వల విస్తీర్ణం 600 చదరపు మీటర్లు. అందులో దారం కమ్మేది పదో వంతు అనుకుందాం. మిగతాదంతా ఖాళీయే. ఆ పదో వంతునీ గాలికి ఎదురుగా నిలబెట్టామనుకున్నా 72 కిలోమీటర్ల గాలికి ఒకటిన్నర టన్ను భారం, తుపాను గాలికి తొమ్మిది టన్నులు. దారం ఆకారాన్ని బట్టి ఇంకొంత కలపాలి. ఒకటిన్నర టన్నుని పాత వీధి గోడలు మోస్తాయని అనుకున్నాం. తొమ్మిదిని మోయవు.

అందుకని మొదటే తేల్చుకున్నాం: ఈ వల తుపానుకి నిలబడదు, తుపాను రాకముందే దిగుతుంది. నాలుగు మూలలా చైన్ పుల్లీలు శాశ్వతంగా ఉంచి, రెండు గంటల్లో నేలకి దించేలా కట్టాం. ఎప్పుడు దించాలన్నది జాలర్లే చెప్పారు. పోర్టులో మూడో నంబరు ప్రమాద సూచిక ఎగరేస్తే దింపేద్దాం అన్నారు. నేను ఫోన్లో వాతావరణ శాఖ బులెటిన్లు చూసుకుంటూ కూర్చునేదాన్ని. వాళ్ళకి చిన్నప్పటినుంచీ ఆ నంబర్లే వాతావరణం. కాగితం మీద నేను రాసిన షరతు కూడా చివరికి అదే.

ఏ నెలలో ఎక్కించాలన్నదీ వాళ్ళ క్యాలెండరే తేల్చింది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం. బోట్లు ఒడ్డున ఉంటాయి, వలలు బాగుచేసుకునే కాలం అది. మా వల అల్లకం ఆ రోజుల్లో చేయాలి. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం, అప్పుడు ఎక్కించకూడదు. మార్గశిరంలో బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారికి వచ్చే జనంతో వన్‌టౌన్ వీధులు నిండిపోతాయి, అప్పుడూ కూడదు. మిగిలింది జనవరి నుంచి మార్చి.

ఇక వల. నేను వెతికింది ట్రాలు వలలు కోసే మనిషి కోసం. అరవై దాటిన ఒక పెద్దాయన దొరికారు. బాబాయ్ అని పిలిచేదాన్ని. ఇప్పుడు మామూలు వలలు చాలావరకు మిషను మీద అల్లినవే వస్తాయి, కిలోల లెక్కన అమ్ముతారు. పనితనమంతా ఆ పలకల్ని కోసి, కలిపి, తాడుకి ఎక్కించడంలో ఉంది. ట్రాలు వల అంటే ముందు వెడల్పు నోరు, వెనక్కి పోనుపోను సన్నబడే గొట్టం, చివర సంచి. బల్లపరుపు వలని గుండ్రంగా సన్నబడేలా చేయాలంటే, కంటికి, అంటే వలలోని ఒక్కో గడికి, ఉండే నాలుగు దారాల్లో ఏ వరసలో ఏది తెంపాలి, ఏది వదలాలి అన్నది ఒక లయలో సాగాలి. లయ తప్పితే వల ఒకవైపు ముడుచుకుపోతుంది. మా ఆర్కిటెక్టు కంప్యూటర్లో తీసిన ఆకారం చూసి ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"ఏటమ్మా, ఇది నీల్లలో ఏసేది కాదా?"

"కాదు బాబాయ్, గాల్లో."

"గాలైనా నీల్లైనా వల పని ఒకటేనమ్మా. అడ్డంగా నిలబడకూడదు, దారియ్యాల. ఈ సంచి కింద మూసేసినావు. గాలి ఎటు పోద్ది?"

ఆ ప్రశ్న నా లెక్కలో రావడానికి ఇంకో వారం పట్టేదేమో. సంచులు రెండింటికీ అడుగున నోరు తెరిచాం.

తాడుకి వల ఎక్కించే నిష్పత్తి గురించి ఆయన దగ్గర నేర్చుకున్నది నాకు ఏ పుస్తకంలోనూ ఇంత స్పష్టంగా దొరకలేదు. లాగి పట్టుకుంటే పది మీటర్లు వచ్చే వలని ఐదు మీటర్ల తాడుకి కడితే కళ్ళు నిలువుగా సన్నగా ఉంటాయి, వల ముడతలు పడి కిందికి జారుతుంది. ఏడు మీటర్ల తాడుకి కడితే కన్ను చదరంగా తెరుచుకుంటుంది, వల ఎక్కువ చోటు కమ్ముతుంది. లెక్కలో అది 0.707, రెండు వర్గమూలంలో సగం. ఆయన దాన్ని వేళ్ళతో చూపిస్తారు, రెండు చేతుల బొటనవేళ్ళూ చూపుడు వేళ్ళూ కలిపి తెరిచీ మూసీ. శిల్పంలో ఎక్కడ వల పల్చగా, ఎండ దిగేలా ఉండాలో, ఎక్కడ ముడతలు పడి రంగు చిక్కబడాలో అంతా ఈ ఒక్క నిష్పత్తితోనే కుదిరింది. రంగులు కూడా హార్బరువే ఉంచాం, ట్రాలు వలల నారింజ, ఆకుపచ్చ, సముద్రపు నీలం. అద్దకం పెట్టుకోలేదు.

దారం నైలానా, పాలిస్టరా అన్నది కొంతకాలం నలిగింది. నైలాన్ బాగా సాగుతుంది, తడిస్తే బలం కొంత తగ్గుతుంది, ఎండకి త్వరగా పెళుసెక్కుతుంది. నీళ్ళలో సాగడం మంచి గుణమే కానీ వీధి మీద సాగితే రేపటికి లారీ ఎత్తుకి దిగుతుంది. పాలిస్టరే వాడాం, పెద్ద తాళ్ళకీ అదే. ఉక్కు తీగ వద్దనుకోవడానికి రెండు కారణాలు: ఉప్పుగాలి, కరెంటు తీగలు. తాడు తెగే బలంలో ఐదో వంతుకి మించి లాగనివ్వకూడదన్నది మేం పెట్టుకున్న నియమం. తాడు చివర ముడి వేస్తే బలంలో మూడో వంతు, ఒక్కోసారి సగం కూడా పోతుంది. అందుకని చివరలు ముడి వేయలేదు. పురులు విప్పి, తాడుని వెనక్కి తిప్పి, ఆ పురుల్ని మళ్ళీ తాడులోకే అల్లేసి తాడు చివర ఉంగరంలా కన్ను చేశారు. అలా చేస్తే బలం దాదాపు అంతా నిలుస్తుంది. ఓడ తాళ్ళతో బతికినవాళ్ళకి ఇది రోజువారీ పని.

వేట నిషేధం రోజుల్లో మధ్యాహ్నాలు షెడ్డులో కూర్చుని చూసేదాన్ని. దారం చుట్టిన బల్లపరుపు ప్లాస్టిక్ సూది కింది నుంచి కంట్లోకి వస్తుంది. ఎడమచేతి బొటనవేలు దారాన్ని నొక్కి పడుతుంది. కుడిచేయి దారాన్ని ఒక మెలికగా పైకి విసిరి, సూదిని ఆ కన్ను వెనకనుంచి తిప్పి తీసి, ఒక్క గుంజు గుంజుతుంది. టక్‌మని చప్పుడు. ముడి బిగిసిందని చెవికే తెలుస్తుంది. బాబాయ్ చూడకుండానే పక్కవాడిని "అది జారింది, విప్పు" అనేవారు, చప్పుడు వినే. ఆ ముడి జారదు. పక్క కన్ను తెగినా ఆ తెగుడు పాకదు. ఇంజనీర్లు ఒకచోట దెబ్బ తగిలితే నిర్మాణమంతా కూలకూడదని ఎంతో తపన పడతారు. వీళ్ళ ముడిలో అది పుట్టుకతోనే ఉంది.

అసలు కష్టం గోడల దగ్గర వచ్చింది. కూడలికి నాలుగు వైపులా ఒక బడి, ఒక గోడౌను, ఒక అపార్టుమెంటు, ఒక పాత పెంకుటిల్లు. పెంకుటింటి పెద్దమ్మగారు అందరికన్నా ముందు ఒప్పుకున్నారు. వరండాలో కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, నన్ను గంటసేపు ప్రశ్నలు అడిగారు. వర్షం వస్తే ఆ రంధ్రంలోంచి చెమ్మ దిగుతుందా? పిల్లలు తాడు పట్టుకు వేలాడితే? దింపేశాక గోడ ఎవరు పూడుస్తారు? అది కాగితం మీద ఉందా? నాకు ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఇంత చక్కటి రిస్కు సమీక్ష ఏ మీటింగులోనూ ఎదురవలేదు. ఆవిడ ప్రశ్నలనే వరసగా రాసుకుని, జవాబులతో సహా వంద రూపాయల స్టాంపు కాగితం మీద ఒప్పందంగా పెట్టాం. తరవాత మిగతా ముగ్గురికీ ఆ కాగితమే చూపించాం.

కానీ ఆ ఇల్లు సున్నం, ఇటుకతో కట్టినది. చిన్న డ్రిల్లు పెట్టి చూస్తే సున్నం పొడిపొడిగా రాలింది. ఆ గోడ పైనుంచి వచ్చే బరువుని ఇంకో వందేళ్ళు మోస్తుంది, పక్కకి లాగే టన్ను బలాన్ని మాత్రం మోయదు. ఆవిడకి చెబితే నొచ్చుకున్నారు. "మా మావగారు కట్టించిన గోడ. అంత తీసిపారేసేలా ఉందా?" అన్నారు. బలమైన గోడే, దానికి అలవాటైన పని వేరు అని చెప్పాను. నిజం కూడా అదే. చివరికి పెరడు ఇచ్చారు. అక్కడ ఉక్కు స్తంభం నిలబెట్టి, వెనక నుంచి లాగి పట్టడానికి కాంక్రీటు దిమ్మలు పెట్టాం. నేల తవ్వలేదు కాబట్టి దిమ్మ జారకుండా ఉండాలంటే దాని బరువు తాడు లాగే బలానికి రెండింతలు దాటాలి. దిమ్మల మీద ఆవిడ తులసి, కనకాంబరాల కుండీలు పెట్టుకున్నారు.

గోడౌను కథ దీనికి తిరగబడింది. కాంక్రీటు స్తంభాలు, దూలాలు, ఏం కావాలంటే అది మోస్తాయి. యజమాని మాత్రం వద్దన్నారు. వ్యాపారికి ఉండే భయాలు అవి: రేపు ఎవరైనా వచ్చి కొలతలు తీస్తారేమో, ఏదైనా పడితే కేసు తన మీదికి వస్తుందేమో. నేను బతిమాలలేదు. బడి గోడ మీద పరీక్ష చేసే రోజు రమ్మన్నాను. దూలంలోకి కెమికల్ యాంకర్, అంటే రసాయన జిగురుతో పట్టుకునే ఉక్కు కడ్డీ, దించి, రసాయనం గట్టిపడ్డాక హైడ్రాలిక్ జాకీతో లాగి చూడటం ఆ పరీక్ష. మా లెక్క ప్రకారం ఒక మూలకి గరిష్ఠంగా వచ్చేది 1.2 టన్నులు. 1.8 టన్నుల దాకా లాగి అలాగే పట్టి ఉంచాం. డయల్ ముల్లు కదలలేదు. బడి పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆయన జాకీ నడిపే కుర్రాడిని ఇంకోసారి లాగి చూపించమన్నారు, చూశారు, మర్నాడు కాగితం మీద సంతకం పెట్టారు. అపార్టుమెంటు వాళ్ళు సంఘం మీటింగు పెట్టుకుని, దారిన పోయేవాళ్ళకి ఏదైనా అయితే పరిహారం ఇచ్చే పబ్లిక్ లయబిలిటీ బీమా అడిగారు. అది న్యాయమైన కోరికే.

ప్రభుత్వ అనుమతుల్లో అగ్నిమాపకం, ట్రాఫిక్ వాళ్ళు సూటిగా ఉన్నారు. పట్టణ రోడ్డు మీద 5.5 మీటర్ల ఖాళీ ఉండాలన్నది నియమం. మేం అతి కింది అంచు ఏడు మీటర్ల పైన ఉంచాం, ఊరేగింపు వాహనాలు కూడా పోయేలా. ఒక కార్యాలయంలో మాత్రం ఫైలు చాలాకాలం ఆగిపోయింది. ఇది హోర్డింగు కాదు, కట్టడం కాదు, ఏ పద్దు కింద చూడాలో వాళ్ళకి తోచలేదు. చివరికి ఒక జూనియర్ ఉద్యోగిని తాత్కాలిక పందిళ్ళ కింద పెడదామని చెప్పారు. ఉత్సవాల పందిళ్ళకి మన దగ్గర దారి ఎప్పటినుంచో ఉంది కదా. ఆ సలహాతో దారి దొరికింది. నిరాశగా ఉన్న రోజుల్లో నేను బెర్లిన్‌ని తలుచుకునేదాన్ని. క్రిస్టో, జాన్-క్లోద్ అనే కళాకారుల దంపతులకి అక్కడి పార్లమెంటు భవనం రైక్‌స్టాగ్‌ని గుడ్డతో చుట్టాలన్న ఆలోచన 1971లో వచ్చింది, పని 1995లో జరిగింది. అనుమతి కోసం జర్మనీ పార్లమెంటులో చర్చ జరిగి, 1994 ఫిబ్రవరిలో 292 ఓట్లు అనుకూలంగా, 223 వ్యతిరేకంగా పడ్డాయి. లక్ష చదరపు మీటర్ల గుడ్డ రెండు వారాలు ఉంది. యాభై లక్షల మంది చూశారు. ఒక గుడ్డ శిల్పం గురించి పార్లమెంటు కూర్చుని వాదించుకుందంటే, ఆ వాదన కూడా ఆ శిల్పంలో భాగమే అనిపిస్తుంది నాకు.

ఎక్కించింది ఆదివారం తెల్లవారుజామున. పోర్టు పని చేసిన ఖలాసీలు వచ్చారు. మూలకొకరు చైను లాగుతుంటే వల రోడ్డు మీద నుంచి ఒక్కసారిగా లేవలేదు, ముందు అంచులు లేచాయి, తరవాత మధ్య భాగం, చివరికి సంచులు. ఎవరో "హైలెస్సా" అందుకున్నారు. ప్రతి తాడుకీ లాగుడు ఎంతుందో కొలిచే లోడ్‌సెల్ పెట్టాం. ఇక్కడే మా ఆర్కిటెక్టుకీ బాబాయ్‌కీ మాట పడింది. ఆమెకి వల కాస్త బిగువుగా, చక్కగా కనిపించాలి. ఆయన వదులుగా ఉంచమంటారు. లెక్క ఆయన వైపే ఉంది. ఒకే బరువుకి తాడు వేలాడే లోతు సగం చేస్తే లాగుడు రెండింతలవుతుంది. మూడున్నర మీటర్ల లోతు దగ్గర ఆపాం.

సూర్యుడు వచ్చేసరికి నీడలు రోడ్డు మీద పడ్డాయి. హార్బరు నుంచి బుట్టలతో వచ్చే ఆడవాళ్ళు ఆగి పైకి చూశారు. ఒకామె బుట్ట దింపి, మనవరాలిని ఎత్తుకుని, ఆకుపచ్చ భాగంలో ఒక అతుకు చూపిస్తూ, "అదిగో, ఆ కాడినుంచి ఈ కాడికి మీ తాత అల్లిందే" అంది. బోస్టన్‌లో అంత సేపు ఆ గడ్డి మీద కూర్చున్నా నాకు ముడి వేసిన ఒక్క మనిషి మొహం తెలియదు. ఇక్కడ వలని చూసేవాళ్ళలో సగం మందికి ముడులు ఎవరివో తెలుసు. బడి గోడ మీద పెట్టిన బోర్డులో అల్లినవాళ్ళందరి పేర్లూ పైన, మా పేర్లు కింద రాశాం. దానికి మాలో ఎవరికీ రెండో ఆలోచన రాలేదు. కూలీ రోజులెక్కన ఇచ్చాం. కానీ పేరు లేకుండా కూలీ మాత్రమే ఇచ్చి ఉంటే అది అన్యాయమని గట్టిగా అనుకుంటాను.

పక్షుల గురించి భయపడ్డాం. సన్న దారమైతే వాటికి కనపడదు, చిక్కుకుంటాయి. అందుకే నాలుగు మిల్లీమీటర్ల మందం దారం, 15 సెంటీమీటర్ల కన్ను వాడాం. మొదటి వారాల్లో ఉదయం సాయంత్రం ఒకరు కాపలా ఉండేవారు. కాకులు పెద్ద తాళ్ళ మీద వాలేవి, పావురాలు కిందనుంచి పోయేవి, ఏదీ చిక్కుకోలేదు. చిక్కుకున్నవి గాలిపటాలు. సంక్రాంతి నాలుగు రోజులూ మాంజా దారాలు వలలో పడి కొన్ని కళ్ళు తెగాయి. తెగిన చోటు తెగినంత వరకే ఉంది. పండగయ్యాక ఒక మూల దింపి, షెడ్డు కుర్రాళ్ళు అక్కడే రోడ్డు పక్కన కూర్చుని గంటలో అతికేశారు. చూసిన బడి పిల్లలు సూది ఎలా పట్టుకోవాలో నేర్పమన్నారు.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం సముద్రపు గాలి బాగా లేచింది. సంచులు రెండూ ఒకదానివైపు ఒకటి వాలాయి. గోడౌను మూల లోడ్‌సెల్ ఆ సీజనులో చూపించిన అతి పెద్ద అంకె అప్పుడే వచ్చింది. నాలుగు వందల కిలోల లోపే. లెక్కలో పెట్టుకున్నదానికి మూడో వంతు.

వేసవి ఈదురుగాలులు మొదలయ్యేలోగా దింపాం. వల ఉప్పుదుమ్ము పట్టి బరువెక్కింది. బడి ఆవరణలో కడిగి ఆరబెట్టాం, ఎండకి దారం బలం ఎంత తగ్గిందో చూడటానికి నాలుగు భాగాల నుంచి ముక్కలు కోసి పెట్టుకున్నాను. ఇప్పుడు ఆ వల గోడౌనులో ఉంది, యజమాని తనంతట తానే చోటు ఇచ్చారు. గోడల యాంకర్లు తీసేయలేదు. గ్రీజు రాసి, స్టెయిన్‌లెస్ మూతలు బిగించాం. మళ్ళీ కట్టాలంటే సగం ఖర్చు మిగిలినట్టే. పెద్దమ్మగారి పెరట్లో స్తంభం మాత్రం ఒప్పందం ప్రకారం ఎత్తేశాం. దిమ్మలు ఆవిడే ఉంచమన్నారు.

వచ్చేసారి ఆకారం బాబాయ్ గీస్తానన్నారు. ఒడ్డు నుంచి లాగే అలివి వల లాంటిది, రెండు పొడవాటి రెక్కలతో, వీధి పొడవునా. మీటర్లలో కాదు, బారల్లో కొలిచి ఇస్తారు. నేను దాన్ని లెక్కలోకి మార్చుకోవాలి. వీధి పొడవునా అంటే మరో మూడు ఇళ్ళ గోడలు కావాలి. ఏప్రిల్ 15లోగా వాళ్ళతో మాట్లాడటం మొదలుపెట్టాలి.